డబ్బిస్తే దండోరా వేస్తామనే ఉత్తరాలు



ప్రతిసారీ షుగరు గురించో, రక్తహీనత గురించో, పసిపిల్లల టీకాల గురించో రాస్తుంటాము. ఈసారి కొంచెం వేరే సంగతి ఎత్తుకున్నాము. ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సింగ్ కళాశాలల్లో బోధించేవారికి ఒక రకం ఈమెయిళ్లు విపరీతంగా వస్తున్నాయి. మీ పరిశోధన మాకు ఎంతో నచ్చింది, దానిని ప్రపంచమంతా తెలుసుకునేలా చేస్తాము అని వాటి సారాంశం. ఎవరూ అడగకుండానే వస్తాయి. ఇది డాక్టర్ల గొడవ, మాకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా అభిప్రాయంలో ఇది డాక్టర్లకన్నా మీకే ఎక్కువ సంబంధించినది. ఆ చాటింపు చివరికి చేరేది మీ ఇంటికే, పేపరు కటింగుగానో వాట్సాప్ సందేశంగానో. దానికయ్యే డబ్బు కొన్ని చోట్ల రోగులు కట్టిన ఫీజులోంచి, సంఘాలు ఇచ్చిన కానుకల్లోంచి పోతుంది. అందులో వేసే ఫోటో ఒక్కోసారి మీ కాలిదో, మీ బిడ్డదో అవుతుంది.

ముందు అవి ఎలా ఉంటాయో చెబుతాము. ఒక డాక్టరు గారు షుగరు రోగుల కాలి పుండ్లకు కట్టు కట్టే విధానం మీద ఒక వైద్య పత్రికలో చిన్న వ్యాసం రాశారనుకోండి. అచ్చయిన కొన్నాళ్లకే ఉత్తరం వస్తుంది. ఆయన ప్రొఫెసర్ కాకపోయినా గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి అనే మొదలవుతుంది. వ్యాసం పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది గాని, వ్యాసంలో ఏముందో ఒక్క ముక్క ఉండదు. మీ పని సామాన్యులకు అర్థమయ్యే భాషలో మేమే రాసి, రంగుల బొమ్మలతో మా పత్రికలో వేస్తాము, ఒక పావుగంట ఫోనులో మాట్లాడదాం అంటారు. ఫోనులో మాట తీయగా ఉంటుంది. డబ్బు ఊసు ఆఖరున వస్తుంది. దానికి ఫీజు అని పేరు పెట్టరు, తయారీ ఖర్చు అంటారు. కొన్ని వందల డాలర్ల నుంచి వేల డాలర్ల వరకు ఉంటుంది. పెద్ద మొత్తం అడిగిన చోట అది మిషను ఆసుపత్రి స్టాఫ్ నర్సుకు కొన్ని నెలల జీతం.

ఇదొక్కటే రకం కాదు. వారం రోజుల్లో అచ్చువేస్తామనే పత్రికలున్నాయి. ముఖ్య ప్రసంగీకులుగా రమ్మని పిలిచి రిజిస్ట్రేషన్ రుసుము మనచేతే కట్టించే సదస్సులున్నాయి. అవార్డులున్నాయి, వీడియోలున్నాయి. పక్షవాతం రోగుల వీపు పుండ్ల గురించి రాసిన మా ట్యూటరు ఒకావిడకు పెట్రోలియం ఇంజనీరింగు సదస్సులో ప్రసంగించమని ఆహ్వానం వచ్చింది. ఆవిడ ఆ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించారు, ఆ పూట టీ బాగా నవ్వుల్లో గడిచింది.

సంఘ పెద్దలకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. పాస్టరు గార్లకు గౌరవ డాక్టరేటు ఇస్తామని, ఫలానా హోటల్లో సభ, గౌను, టోపీ, ఫోటో అన్నీ మావే, మీరు ఇంత కడితే చాలునని వచ్చే ఉత్తరాలు మీలో చాలామంది చూసే ఉంటారు. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ప్రకారం ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలకు, విశ్వవిద్యాలయ హోదా పొందినవాటికి మాత్రమే ఉంది. 1956 యూజీసీ చట్టం అలా చెబుతోంది. ఆ డాక్టరేటును ఎలా చూస్తారో ఈ ఉత్తరాలనూ అలాగే చూడమని మా మనవి. గౌను బాగుందా అని కాదు, ఇచ్చేవాడికి ఆ అధికారం ఎక్కడిది అని అడగాలి.

అయితే పరిశోధన గురించి చాటి చెప్పడమే తప్పు అని మేము అనడం లేదు. చెప్పకపోతేనే తప్పు. ఇందుకు ఓఆర్‌ఎస్ కథకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ దగ్గర శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాగించారు. అంతకుముందు ఆ శిబిరాల్లో నూటికి ముప్పై మంది దాకా చనిపోతుంటే, ఆయన చికిత్సలో ఉన్నవారిలో అది 3.6 శాతానికి తగ్గింది. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1978లో లాన్సెట్ పత్రిక సంపాదకీయం ఆ సూత్రాన్ని శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కాగలదని పొగిడింది.

కానీ తల్లులు లాన్సెట్ చదవరు గదా! అక్కడినుంచి అది ఇంటింటికీ ఎలా చేరిందన్నదే మాకు ఇష్టమైన భాగం. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి 1990 వరకు మహిళా కార్యకర్తలను ఇల్లిల్లూ తిప్పింది. చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, కొలిచిన నీళ్లు. కోటీ ఇరవై లక్షల ఇళ్లలో తల్లులకు చేతితో చేయించి నేర్పారు. కొన్నాళ్లకు వేరేవాళ్లు వెళ్లి ఆ తల్లులను పరీక్షించేవారు. తల్లికి ఎంత గుర్తుందో దాన్నిబట్టి నేర్పిన కార్యకర్తకు జీతం. ఎదుటివారికి అర్థమైతేనే దండోరా వేసినవారికి కూలి ముట్టేది. ఇప్పుడు వచ్చే ఈమెయిళ్లలో బేరం దీనికి తలకిందులు. ఎవరు చదివినా చదవకపోయినా డబ్బు ముందే కట్టాలి.

ఓఆర్‌ఎస్ విషయంలో మన దగ్గరి సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాము. చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలను ఓఆర్‌ఎస్ అనే మాట తగిలించి అమ్ముతున్నారని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. సరైన ఫార్ములా లేని పానీయాల పేరులో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. ఒక మంచి పరిశోధనకు వచ్చిన పేరును కూడా ఎవరో తమ సీసాకు అతికించుకుంటారు. చాటింపు ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలనడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు చెడ్డ కథ. ఇది కావాలని చేసి చూపించిన నాటకం. 2015లో జాన్ బొహానన్ అనే అమెరికా విజ్ఞాన విలేఖరి, ఇద్దరు జర్మనీ టీవీ విలేఖరులతో కలిసి, చాక్లెట్టు తింటే బరువు తొందరగా తగ్గుతుందని ఒక పరిశోధన చేయించారు. మనుషులు నిజమైనవారే, కొలతలూ నిజమైనవే. కాకపోతే పదిహేను మంది మాత్రమే, మూడు వారాలు మాత్రమే. ఒక్కొక్కరిలో బరువు, కొలెస్టరాల్, నిద్ర అంటూ పద్దెనిమిది కొలతలు తీశారు. ఇక్కడే కిటుకు ఉంది. ఇరవైసార్లలో ఒకసారి కాకతాళీయంగా తగిలే ఫలితాన్ని పద్దెనిమిది చోట్ల వెదికితే, ఎక్కడో ఒకచోట తగిలే అవకాశం సగంకన్నా ఎక్కువ. చెరువులో చేప ఉన్నా లేకపోయినా, పద్దెనిమిది వలలు వేస్తే ఏదో ఒక వలకు ఏదో ఒకటి తగులుతుంది. వాళ్ల వలకు బరువు తగిలింది. నిద్ర తగిలి ఉంటే చాక్లెట్టు తింటే నిద్ర బాగా పడుతుందని రాసేవారు.

దానిని పంపితే ఒక పత్రిక ఇరవైనాలుగు గంటల్లో ఒప్పుకుంది, 600 యూరోలు తీసుకుని రెండు వారాలలోపే అచ్చువేసింది. ఆ తరువాత బొహానన్ పత్రికలవారికి ఆకర్షణీయమైన ఒక ప్రకటన తయారుచేసి పంపారు. జర్మనీలో బిల్డ్ అనే పెద్ద పేపరు వేసింది. అక్కడినుంచి ఇరవైకి పైగా దేశాలకు పాకింది, మన దేశపు పత్రికల్లోనూ వచ్చింది. ఎంతమంది మీద చేశారు అన్న చిన్న ప్రశ్న అడిగినవారు దాదాపు లేరు. ఆ మే నెలలోనే ఆయన ఇదంతా ఎలా చేశారో బయటపెట్టారు. బయటపెట్టిన సంగతి మొదటి వార్త చదివిన ప్రతి ఇంటికీ చేరిందా? మా అనుభవంలో అలా చేరదు. షుగరు ఉన్న ఒక పెద్దాయన దాచుకున్న కటింగు ఆయన చొక్కా జేబులోనే ఉండిపోతుంది.

ఇందులో పరిశోధకులు కావాలని చేశారు గనుక నవ్వుకుని వదిలేయవచ్చు. 1998లో లండనులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసానికి ఆసుపత్రివారే విలేఖరుల సమావేశం పెట్టారు. ఎంఎంఆర్ టీకాకు ఆటిజానికి సంబంధం ఉందేమోనన్న భయం అక్కడినుంచి పుట్టింది. ఆ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! తట్టు టీకా అంటే వెనకాడే తల్లులు ఈనాటికీ కొందరు మా టీకాల గదికి వస్తూనే ఉన్నారు, ఆ డాక్టరు పేరు కూడా వాళ్లు విని ఉండరు. కాబట్టి పెద్ద పత్రిక, పెద్ద ఆసుపత్రి అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇలాంటి వ్యాపారం మీద కోర్టు తీర్పు కూడా ఉంది, అదీ మన ఊరికి దగ్గరి సంగతే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. వ్యాసాలను నిపుణులచేత సరిగా పరిశీలింపజేయకుండానే చేయించామని చెప్పుకున్నారని, ఫీజు సంగతి ముందు చెప్పలేదని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా, సదస్సు ప్రసంగీకులుగా వేసుకున్నారని ఆరోపణ. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పు చెప్పి, ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. తెలుగు పిల్లలు ఎందరో డిగ్రీలు చేసి ఇలాంటి పత్రికల కార్యాలయాల్లో కుర్చీలో కూర్చుని రోజంతా ఈ ఉత్తరాలు పంపే ఉద్యోగం చేశారు. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. ఇల్లు గడవాలి గదా.

మరి ఉత్తరం వచ్చినప్పుడు ఏమి చూడాలి? మా ఆసుపత్రిలో చిన్నవాళ్లు అడిగితే మేము చెప్పే మొదటి మాట, డబ్బు ఎవరు ఇస్తున్నారని. దినపత్రిక విలేఖరి కూడా అడగకుండానే ఫోను చేయవచ్చు, కానీ మంచి విలేఖరి మీ గురించి రాయడానికి మిమ్మల్ని డబ్బు అడగడు. అడిగితే అది వార్త కాదు, ప్రకటన. ప్రకటన వేయించుకోవడం పాపమని కూడా మేము అనము. డబ్బు తీసుకుని వ్యాసం రాసిపెట్టే సంస్థల్లో ధర ముందే చెప్పి, పని శుభ్రంగా చేసేవి ఉండవచ్చు. కానీ ఇది డబ్బిచ్చి వేయించుకున్నది అని ఆ పేజీ మీదే రాస్తారా? రాయమంటే ఆ పేజీకి విలువ పోతుంది అనుకునేవారు చదివేవారిని మోసం చేయడానికి సిద్ధపడినట్టే. మన దేశంలో డబ్బు తీసుకుని వార్తగా వేసే అలవాటు మీద ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చింది. ఎన్నికల వేళ మీరు చూసినదే ఇది, తెల్లకోటు వేసుకుని వచ్చింది.

రెండవది, చదివేది ఎవరు? లక్షల మంది పాఠకులు అంటారు. అందులో డబ్బు కట్టి తమ వ్యాసం వేయించుకున్నవారు కాకుండా మామూలుగా చదివేవారిని చూపించమనాలి. అంతకుముందు వేయించుకున్న ఒకరిద్దరు శాస్త్రవేత్తలకు, సంస్థవారి ద్వారా కాకుండా నేరుగా రాసి, దానివలన ఏమి ఒరిగిందని అడగాలి. రాసినది అచ్చుకు ముందు చూపిస్తారా, తప్పుంటే దిద్దుతారా, ఆ తరువాత దానిమీద హక్కు ఎవరిది అని కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయవచ్చు. రెండు రోజుల్లో జవాబు చెప్పాలని తొందరపెడితే జవాబు చెప్పకపోవడమే జవాబు.

మేము అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పరీక్ష వేరే ఉంది. మా పరిశోధన ఇంతమంది మీద, ఒకే ఆసుపత్రిలో జరిగింది, ఇతర చోట్ల ఇలాగే పనిచేస్తుందని ఇంకా తెలియదు అనే వాక్యం మొదటి పేరాలో వేస్తారా అని అడగాలి. నిజంగా పరిశోధన చదివినవారు ఆ వాక్యం విని సంతోషిస్తారు. దండోరా వ్యాపారికి అది గొంతులో ఎముక.

మన ఆసుపత్రికి పేరు రావద్దా అని కొందరు కమిటీ పెద్దలు, కుర్ర డాక్టర్లు అడుగుతారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. హైవే మీద కార్పొరేట్ ఆసుపత్రుల హోర్డింగులు ఎంత ఎత్తున ఉన్నాయో మేమూ బస్సులోంచి చూస్తూనే ఉన్నాము. మిషను ఆసుపత్రులకు విదేశాల నుంచి వచ్చే సహాయం మునుపటిలా లేదు. ఓ.పి. తగ్గితే మొదట ఆగేది పేదవారికి ఇచ్చే రాయితీయే. అందుకే ఈ ఉత్తరాలకు మనవంటి చోట ఆశపడటం సహజం. అయినా మా మాట ఇదే. ఆ డబ్బు పెట్టి ఎవరూ చదవని ఇంగ్లీషు పత్రికలో రెండు రంగుల పేజీలు కొనడంకన్నా, అదే పరిశోధనను ఒక పేజీ తెలుగులో రాయించి ఓ.పి. గోడకు అతికిస్తే, ఆదివారం ఆరాధన తరువాత ఐదు నిమిషాలు డాక్టరు గారిచేత చెప్పిస్తే, కాలి పుండు ముదరకముందే నలుగురు ఎక్కువ వస్తారు. ఆ మొత్తానికి ఎన్ని డ్రెస్సింగ్ సెట్లు, ఎన్ని ఇన్సులిన్ సీసాలు వస్తాయో మా స్టోరు సిస్టరు నోటిలెక్కన చెప్పగలదు. పైగా డాక్టర్లకు 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి ఉంది. రోగులను ఆకర్షించేందుకు నేరుగా గాని పరోక్షంగా గాని ప్రచారం చేసుకోకూడదని అది చెబుతోంది. డబ్బిచ్చి వేయించుకున్న పొగడ్త దానికి ఏ వైపున ఉంటుందో ఆలోచించుకోవాలి.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠురోగి సంగతి మీకు తెలిసినదే. ప్రభువు అతనిని బాగుచేసి, ఎవరికీ చెప్పవద్దని, ముందు వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మని గట్టిగా చెప్పి పంపాడు. ఆ రోజుల్లో రోగం పోయిందో లేదో పరీక్షించి చెప్పవలసినవాడు యాజకుడే. అతడు ఆ మాట వినక ఊరంతా చాటాడు. ఫలితంగా ప్రభువు బాహాటంగా పట్టణంలోకి రాలేక ఊరి బయట ఉండవలసి వచ్చింది. అతడు చెప్పినది అబద్ధమేమీ కాదు, నిజమే. అయినా పరీక్షకు ముందు చాటింపు వచ్చింది, పనికి అడ్డం పడింది. ఆ భాగం చదివినప్పుడల్లా ఇది వైద్యం చేసేవారి కోసమే రాసినట్టు మాకు తోస్తుంది.

ఇక మీ ఇంటి సంగతి. కొత్త మందు, కొత్త చికిత్స గురించి కటింగు గాని సందేశం గాని చేతికి వస్తే పారేయవద్దు, దాచుకోనూ వద్దు. మా దగ్గరకు తీసుకురండి. ఎంతమంది మీద చేశారు, మనుషుల మీదా ఎలుకల మీదా, ఎవరి డబ్బుతో రాశారు అని కలిసి చూద్దాము. ఆ కాగితం చూసి వాడుతున్న మాత్ర మాత్రం ఆపవద్దు.

ఫోటోల విషయం కూడా చెప్పి ముగిస్తాము. రోగి ఎవరో గుర్తుపట్టేలా ఫోటో గాని వివరాలు గాని వారి అనుమతి లేకుండా ఏ పత్రికలోనూ వేయకూడదని అదే 2002 నియమావళిలో ఉంది. వార్డులో మీ పుండుకో, మీ బిడ్డకో ఫోటో తీస్తుంటే అది దేనికి అని అడిగే హక్కు మీకుంది. కేసు షీటులో పెట్టడానికా, విద్యార్థులకు చూపడానికా, బయట పత్రికలో వేయడానికా? ఈ మూడింటికీ వేర్వేరుగా అనుమతి ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. తెలుగులో ఉన్న అనుమతి ఫారం ప్రతి వార్డు సిస్టరు దగ్గర ఉంటుంది. చదవడం రాకపోతే చదివి వినిపిస్తారు. ఇంటికి తీసుకెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి మరుసటి రోజు చెప్పినా సరే. సంతకం చేయకపోయినా మీ మంచం, మీ మందులు, మీ డ్రెస్సింగు అన్నీ మామూలుగానే ఉంటాయి. ఇచ్చిన అనుమతి మార్చుకోవాలనిపిస్తే అచ్చుకు వెళ్లకముందే నర్సింగ్ కార్యాలయంలో చెప్పండి, ఆ ఫోటో బయటికి పోకుండా మేము ఆపిస్తాము.